అమెరికన్ డైనర్: తరచుగా అడిగే ప్రశ్నలు

మేముండేది న్యూజెర్సీలో. ఇండియా నుంచి ఎవరొచ్చినా ఒక పూట డైనర్‌కి తీసుకెళ్తాం. లిబర్టీ విగ్రహం దగ్గర రాని ప్రశ్నలు అక్కడ మెనూ తెరవగానే మొదలవుతాయి. కొత్తగా అమెరికా వచ్చిన పిల్లలు కూడా దాదాపు అవే అడుగుతారు. ప్రతిసారీ చెప్పే బదులు ఒకచోట రాసిపెడదామని ఈ పేజీ.

డైనర్ అంటే ఏమిటి? మామూలు రెస్టారెంటేగా?

రెస్టారెంటే, కాదనను. అయితే డైనర్ల చరిత్ర రాసేవాళ్ళకి ఒక పట్టింపు ఉంది. ఫ్యాక్టరీలో తయారై, మొత్తంగానో ముక్కలుగానో స్థలానికి వచ్చి దిగినదే అసలు డైనర్ అంటారు. లోపల పొడవాటి కౌంటర్, దాని ముందు నేలకి బిగించిన గుండ్రటి స్టూళ్ళు, కౌంటర్ వెనక మన కళ్ళముందే వండే పెద్ద పెనం ఉండాలి. ఇటుకలతో అక్కడికక్కడే కట్టుకున్నదాన్ని వాళ్ళు ఆ లెక్కలోకి రానివ్వరు.

జనానికి ఇంత చాదస్తం లేదు. పొద్దున తినే గుడ్లూ టోస్టూ రాత్రి పదకొండింటికైనా పెట్టేది, ఒంటరిగా వెళ్ళినా "ఒక్కరేనా?" అని ఎవరూ అడగనిది వాళ్ళకి డైనర్. నన్నడిగితే దాని ప్రాణం ఆ వేళకాని వేళలోనే ఉంది. మెరిసే స్టీలు తర్వాత వచ్చింది, నియాన్ దీపాలు ఇంకా తర్వాత. మొదట ఉన్నది రాత్రి, ఆకలి.

పాత రైలు పెట్టెల్ని హోటళ్ళుగా మార్చారట, నిజమేనా?

ఎక్కువగా కాదు. నగరాల్లో గుర్రపు ట్రాములు పోయి కరెంటు ట్రాములు వచ్చినప్పుడు పాత పెట్టెలు చవగ్గా దొరికాయి. కొందరు వాటిని కొని హోటళ్ళు పెట్టారు. చాలావరకు అవి మురికిగా, ఇరుకుగా ఉండి, మొత్తం వ్యాపారానికే చెడ్డపేరు తెచ్చాయి. మనకి కనిపించే డైనర్లు మొదటినుంచీ హోటళ్ళుగానే తయారైనవి. రైల్లోని భోజనం పెట్టె అప్పట్లో దర్జాకి గుర్తు, అందుకే ఆ ఆకారం, ఆ పేరు అరువు తెచ్చుకున్నారు. పొడుగ్గా, సన్నగా ఉండటానికి అసలు కారణం వేరే ఉంది. రోడ్డు మీదో రైలు మీదో తరలించాలంటే అంతకన్నా వెడల్పు కుదరదు.

ఎక్కడ, ఎలా మొదలైంది?

రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్‌లో, 1872లో. ఆ ఊళ్ళో రాత్రి ఎనిమిదింటికల్లా హోటళ్ళు మూసేసేవాళ్ళు. పత్రికాఫీసులో పనిచేసేవాళ్ళు, మిల్లుల్లో రాత్రి షిఫ్టువాళ్ళు ఏం తినాలి? వాల్టర్ స్కాట్ అనే ఆయన (నవలలు రాసిన స్కాట్ కాదు, ఈయనకి అచ్చాఫీసు పని తెలుసు) ఒక గుర్రపు బండికి కిటికీలు పెట్టించి, ప్రావిడెన్స్ జర్నల్ పత్రికాఫీసు ముందు నిలబెట్టాడు. శాండ్‌విచ్‌లు, ఉడకబెట్టిన గుడ్లు, 'పై' (పిండి పొర లోపల పళ్ళో మాంసమో పెట్టి కాల్చేది) ముక్కలు, కాఫీ అమ్మేవాడు. కొనుక్కున్నవాళ్ళు రోడ్డు మీద నిలబడే తినాలి. మన ఊళ్ళలో సెకండ్ షో వదిలే వేళకి సినిమా హాలు బయట నిలిచే ఇడ్లీ బండి లాంటిదే అనుకోండి.

వానొస్తే, మంచు పడితే ఎలా? 1887లో మసాచుసెట్స్‌లోని వూస్టర్ అనే ఊళ్ళో శామ్యూల్ జోన్స్ అనే ఆయన మనుషులు లోపలికొచ్చి నిలబడి తినేంత పెద్ద బండి చేయించాడు. (ఆ ఊరి పేరు ఇంగ్లీషులో చదివి "వోర్సెస్టర్" అనకండి, అక్కడివాళ్ళు నవ్వుతారు.) 1891లో అదే ఊరి చార్లెస్ పామర్ ఇలాంటి బండికి పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత థామస్ బక్లీ వచ్చి వీటిని వరసపెట్టి తయారుచేసి అమ్మాడు. రంగు అద్దాలూ ఇత్తడి సామానుతో ముస్తాబు చేసేవాడు. ఆయన్ని "లంచ్ వ్యాగన్ రాజు" అనేవాళ్ళు.

ఇక్కడ మునిసిపాలిటీల పాత్ర కూడా ఉంది. తెల్లారేసరికి బండ్లు రోడ్డు మీద ఉండకూడదని చాలా ఊళ్ళు రూలు పెట్టాయి. పగలు కూడా బేరం బాగున్నప్పుడు ఎవరు కదులుతారు? రోడ్డు పక్కన కాస్త స్థలం అద్దెకి తీసుకుని, బండి అందులోకి తోసి, నీళ్ళ పైపు కలిపేశారు. చక్రాలు అలా పోయాయి. తోపుడుబండిని కదలమంటే అది హోటలైన కథ మనకీ కొత్త కాదు.

హోటల్ని ఫ్యాక్టరీలో తయారుచేయడం ఏమిటి?

నాకు అన్నిటికన్నా నచ్చే భాగం ఇదే. వూస్టర్ లంచ్ కార్ కంపెనీ 1906లో మొదలై సుమారు అర్ధశతాబ్దం పాటు 650కి పైగా డైనర్లు తయారుచేసింది. ఒక్కోదానికి ఒక నంబరు ఇచ్చేది, కారు ఇంజనుకి ఇచ్చినట్టు. బయట ఎనామెల్ పూసిన రేకులు, వాటిమీద గోతిక్ అక్షరాల్లో హోటల్ పేరు. న్యూజెర్సీలోని ఎలిజబెత్‌లో జెర్రీ ఓ'మహొనీ కంపెనీ దాదాపు 2,000 డైనర్లు చేసి పంపిందంటారు. కాన్సస్ రాష్ట్రం విచిటాలో వాలెంటైన్ కంపెనీ ఎనిమిది పది స్టూళ్ళ బుల్లి డైనర్లు చేసేది. ఒకడే వండి, ఒకడే వడ్డించి, ఒకడే డబ్బులు తీసుకోవచ్చు.

కొనేవాడికి పెనం, ఫ్రిజ్, స్టూళ్ళు, ప్లేట్లు, చెంచాలతో సహా హోటల్ మొత్తం ట్రక్కు మీద వచ్చి దిగేది. కరెంటు, నీళ్ళు కలిపితే వ్యాపారం మొదలు. పెద్ద చదువూ, బ్యాంకులో పరపతీ లేనివాడికి కంపెనీయే వాయిదాల మీద ఇచ్చేది. వాయిదాలు కట్టలేకపోతే వచ్చి తీసుకెళ్ళిపోయేది. లారీ కొనుక్కున్న డ్రైవర్‌కి ఫైనాన్స్ కంపెనీతో ఉండే సంబంధమే ఇది కూడా.

1930లలో రైళ్ళు, విమానాలు, కార్లు గాలిని చీల్చుకుపోయే ఆకారంలోకి వచ్చాయి. ఎక్కడికీ కదలని డైనర్ కూడా అదే వేషం కట్టింది. మసాచుసెట్స్‌లోని జడ్కిన్స్ కంపెనీ 'స్టర్లింగ్ స్ట్రీమ్‌లైనర్' అని ముక్కు వాలిన రైలింజన్‌లాంటి డైనర్లు చేసింది. రెండో ప్రపంచ యుద్ధంతో అవి ఆగిపోయాయి. యుద్ధం తర్వాత స్టెయిన్‌లెస్ స్టీలు, ఫార్మైకా బల్లలు, ఎర్ర రెక్సిన్ సీట్లు. సినిమాల్లో మనం చూసేది ఎక్కువగా ఆ పది పదిహేనేళ్ళ డైనరే.

ఈ స్టీలు మెరుపంతా 1950ల నాటిదేనా?

జాగ్రత్త. 1960లు, 70లలో స్టీలు పాతబడిందని చాలామంది యజమానులు దానిమీద రాళ్ళు, ఇటుకలు అతికించి, పైన పెంకుల కప్పు వేయించారు. 80ల తర్వాత పాతదానిమీద మోజు తిరిగొచ్చి, కొత్తగా కట్టినవాటికి స్టీలు తొడగడం మొదలైంది. కాబట్టి బాగా మెరుస్తోందంటే కొత్తదని అర్థం కావచ్చు. వయసు తెలియాలంటే గోడలు చూడకండి, కౌంటర్ కింద కాళ్ళు పెట్టుకునే చోట టైల్స్ ఎంత అరిగాయో చూడండి.

ఆడవాళ్ళు వెళ్ళేవాళ్ళా?

మొదట్లో దాదాపు లేదు. అది మగవాళ్ళ చోటు, అదీ రాత్రి. 1920లలో యజమానులు కిటికీల కింద పూలకుండీలు పెట్టి, స్టూలెక్కి కూర్చోవడం ఇష్టపడని ఆడవాళ్ళ కోసం బల్లా సీట్లూ ఉన్న బూత్‌లు వేయించి, "స్త్రీలకు ఆహ్వానం" అని బోర్డులు కట్టారు. 'మిస్ వూస్టర్' లాంటి పేర్లు కూడా ఆ మర్యాద కోసమే. యుద్ధంలో మగవాళ్ళు వెళ్ళిపోయాక కౌంటర్ వెనక్కి కూడా ఆడవాళ్ళే వచ్చారు. ఇవాళ డైనర్ అనగానే గుర్తొచ్చేది వెయిట్రెసే కదా!

ఇక్కడ యజమానులంతా గ్రీకులేనా?

న్యూయార్క్, న్యూజెర్సీల్లో చాలాకాలం పరిస్థితి దాదాపు అదే. 1965లో అమెరికా వలస చట్టం మారింది. దేశాలవారీగా ఉన్న పాత కోటాలు పోయాయి. మన తెలుగు డాక్టర్లూ ఇంజనీర్లూ వచ్చిన తలుపు అదే, గ్రీసు పల్లెల నుంచి కుర్రాళ్ళు వచ్చిన తలుపూ అదే. బాబాయి డైనర్‌లో గిన్నెలు కడుగుతూ చేరడం, పెనం దగ్గరికి ఎదగడం, నలుగురు బంధువులు డబ్బు కలిపి సొంతంగా ఒకటి కొనుక్కోవడం. మోటెళ్ళ వ్యాపారంలో గుజరాతీలు చేసింది ఇదే పద్ధతిలో.

న్యూయార్క్‌లో పార్సిల్ కాఫీ ఇచ్చే నీలం తెలుపు పేపర్ కప్పు చూశారా? చుట్టూ గ్రీకు అంచు, మధ్యలో "మీకు సేవచేయడం మాకు సంతోషం" అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. దాని పేరు ఆంథోరా. 1963లో గ్రీకు హోటలువాళ్ళకి అమ్ముకోవడానికి లెస్లీ బక్ అనే సేల్స్ మేనేజర్ గీసిన బొమ్మ అది. ఆయన గ్రీకు కాదు, నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడి అమెరికా వచ్చిన చెక్ యూదుడు.

ఇప్పుడు వంటింట్లో ఎక్కువగా మెక్సికో, మధ్య అమెరికాల వాళ్ళు కనిపిస్తారు. మెనూలో గ్రీకు సలాడ్ పక్కనే కెసడియా చేరడం అందుకే.

మెనూ పెళ్ళి ఆల్బమ్ అంత ఉంది. ఇవన్నీ నిజంగా వండుతారా?

వండుతారు. కిటుకు ఏమిటంటే వస్తువులు కొన్నే, కలపడాలు అనేకం. టర్కీ కోడి మాంసం ఒకసారి కాలిస్తే అది శాండ్‌విచ్‌లో, క్లబ్ శాండ్‌విచ్‌లో, సలాడ్‌లో, సూప్‌లో, గ్రేవీ పోసిన వేడి ప్లేటులో కనిపిస్తుంది. మన టిఫిన్ సెంటర్లో ఒకే పిండి ప్లెయిన్, ఉల్లి, మసాలా, పేపర్ దోశలై బోర్డు నింపినట్టే. నా సలహా: వెనక పేజీల్లోని సముద్రపు చేపలూ ఇటాలియన్ వంటలూ వదిలేయండి. ఎవరూ అడగనిది ఎంతకాలంగా ఫ్రీజర్‌లో ఉందో. గుడ్లు, పాన్‌కేక్‌లు, బర్గర్, పై. అంతే.

రాష్ట్రాన్ని బట్టి కొన్ని మారతాయి. న్యూజెర్సీలో వేయించిన బంగాళాదుంపల మీద గోధుమరంగు గ్రేవీ, కరిగిన చీజ్ వేసి 'డిస్కో ఫ్రైస్' అంటారు. అర్ధరాత్రి డాన్సుల నుంచి వచ్చే కుర్రకారు తిండి. పోర్క్ రోల్ అనే పంది మాంసపు ముక్కని ఉత్తర న్యూజెర్సీ వాళ్ళు 'టేలర్ హామ్' అంటారు, దక్షిణం వాళ్ళు ఒప్పుకోరు. ఈ గొడవలో తలదూర్చకండి. దక్షిణాది రాష్ట్రాలకి పోతే గ్రిట్స్ వస్తుంది, మొక్కజొన్న రవ్వతో చేసిన జావ. ఉప్పూ వెన్నా వేసుకుంటే మన నోటికి బాగానే పడుతుంది.

గుడ్లు ఎలా కావాలి అని అడిగితే ఏం చెప్పాలి?

ఇక్కడే అందరికీ టెన్షన్. "హాఫ్ బాయిల్" అని చెప్పకండి, అది మన దగ్గర చెల్లే మాట. వాళ్ళకి సగం ఉడికిన గుడ్డు అని వేరే అర్థం వస్తుంది. మనం హాఫ్ బాయిల్ అనేది ఇక్కడ 'సన్నీ సైడ్ అప్': తిప్పకుండా, సొన పైకి కనిపిస్తూ. తిప్పి వెంటనే తీస్తే 'ఓవర్ ఈజీ', సొన కారుతుంది. ఇంకాస్త ఉంచితే 'ఓవర్ మీడియం'. సొన గట్టిపడేదాకా కాలిస్తే 'ఓవర్ హార్డ్'. పచ్చివాసన గిట్టనివాళ్ళు కళ్ళు మూసుకుని ఇదే చెప్పండి. 'స్క్రాంబుల్డ్' అంటే ఉల్లిపాయ, మిర్చి, పసుపు ఏమీ లేని ఎగ్ పొరటు.

అక్కడితో అయిపోదు. టోస్ట్ రొట్టె వైటా (మైదా), వీటా (గోధుమ), రైయా (రై ధాన్యం)? దుంపలు హాష్ బ్రౌన్సా, హోమ్ ఫ్రైసా? మొదటిది తురిమి కాల్చింది, రెండోది ముక్కలు కోసి వేయించింది. మన బంగాళాదుంప వేపుడుకి దగ్గరి చుట్టం హోమ్ ఫ్రైసే. "వెల్ డన్" అని ఒక మాట కలిపితే కరకరలాడేలా ఇస్తారు. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు ఒక ముక్క నోట్లో వేసుకుని, ఏమీ అనకుండా హ్యాండ్‌బ్యాగ్‌లోంచి నల్లకారం పొట్లం తీసి చల్లుకుంది. వెయిట్రెస్ వచ్చి అదేమిటో చూస్తానంది, వేలితో అద్దుకుని నాకింది, తర్వాత రెండు గ్లాసుల నీళ్ళు తాగింది. ఇప్పటికీ మేం వెళ్తే "మీ అమ్మగారు ఎలా ఉన్నారు?" అని అడుగుతుంది.

మేం శాకాహారులం, గుడ్డు కూడా తినం. ఏమైనా దొరుకుతుందా?

దొరుకుతుంది, అడిగి తినాలి. వీళ్ళ లెక్కలో వెజిటేరియన్ అంటే గుడ్డు తినేవాళ్ళే. "నో మీట్, నో ఫిష్, నో ఎగ్స్" అని మూడూ విడివిడిగా చెప్పండి. పాన్‌కేక్, వాఫుల్, ఫ్రెంచ్ టోస్ట్ మూడింటిలోనూ గుడ్డు ఉంటుంది. కూరగాయల సూప్ అన్నా అడుగున చికెన్ నీళ్ళు ఉండొచ్చు. జెల్లో అనే జెల్లీ వద్దు, అందులో జంతువుల నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది. గ్రీకు సలాడ్‌లో కొన్నిచోట్ల చిన్న చేపముక్కలు వేస్తారు. బీన్స్‌లో పంది మాంసం ఉందేమో అడగాలి.

మిగిలేవి: గ్రిల్డ్ చీజ్ శాండ్‌విచ్, ఓట్‌మీల్, టోస్ట్, క్రీమ్ చీజ్ రాసిన బేగెల్ (మధ్యలో చిల్లున్న గుండ్రటి రొట్టె), పళ్ళు, ఫ్రైస్. ఇంకో సంగతి నిజాయితీగా చెప్పాలి. పెనం ఒకటే. పక్కనే బేకన్ (పంది మాంసం) కాలుతుంటుంది, గరిట కూడా అదే. మడి, ఆచారం గట్టిగా ఉన్న పెద్దవాళ్ళని తీసుకెళ్తే పళ్ళూ కాఫీతో సరిపెట్టండి, లేదా తీసుకెళ్ళకండి. న్యూజెర్సీలో మన దుకాణాలుండే ఓక్ ట్రీ రోడ్డు మీద దోశ హోటళ్ళు ఎలాగూ ఉన్నాయి.

కాఫీ ఇంత పల్చగా ఉందేమిటి?

ఉంటుంది. ఫిల్టర్ కాఫీ నాలుకతో దీన్ని తూచకండి. ఇది గంటసేపు తాగడానికి చేసిన కాఫీ. కప్పు సగం ఖాళీ కాగానే అడక్కుండానే నింపుతారు, దానికి వేరే డబ్బులుండవు. గాజు కూజాలు రెండు పట్టుకు తిరుగుతుంటారు. మూతి నారింజ రంగులో ఉన్నది కెఫీన్ లేనిది. సాంకా అనే డికాఫ్ కాఫీ వాళ్ళ ప్రచారం నుంచి వచ్చిన రంగు అది, సాంకా తాగేవాళ్ళు తగ్గిపోయినా రంగు మిగిలింది. న్యూయార్క్‌లో "రెగ్యులర్" అంటే పాలూ చక్కెరా వేసి ఇస్తారు, ఇంకోచోట అదే మాటకి ఉత్త కాఫీ వస్తుంది. బల్ల మీదుండే చిన్న డబ్బీల్లో 'హాఫ్ అండ్ హాఫ్' ఉంటుంది, పాలూ మీగడా సగం సగం. రెండు పోస్తే కాఫీ కాస్త దారికొస్తుంది.

మిల్క్‌షేక్ చెప్తే గ్లాసుతో పాటు అది చేసిన స్టీలు గ్లాసు కూడా బల్లమీద పెడతారు. అందులో ఇంకో గ్లాసుకి సరిపడా ఉంటుంది. ఎవరో మర్చిపోయారనుకుని వెనక్కి ఇచ్చేయకండి, మా బావగారు ఇచ్చేశారు.

వెయిట్రెస్ "హనీ", "స్వీటీ" అంటుంది. ఏమనుకోవాలి?

ఏమీ అనుకోనక్కర్లేదు. మన దగ్గర కూరగాయలమ్మే ఆవిడ "ఏం కావాలమ్మా", "రా బాబూ" అన్నట్టే అది. అందరినీ అంటుంది, పెద్ద లాయర్నీ, లారీ డ్రైవర్నీ. మీరు తిరిగి అనకండి, అంతే.

టిప్ ఎంత ఇవ్వాలి? ఇవ్వకపోతే?

బిల్లులో 18 నుంచి 20 శాతం. ఇవ్వకపోతే ఎవరూ ఆపరు, కానీ లెక్క తెలిస్తే మీరే ఇస్తారు. టిప్పు వచ్చే ఉద్యోగాలకి కేంద్ర చట్టం ప్రకారం యజమాని ఇవ్వాల్సిన కనీస కూలి గంటకి 2.13 డాలర్లు. 1991 నుంచి ఆ అంకె కదల్లేదు. టిప్పులతో కలిపి మామూలు కనీస వేతనమైన 7.25 డాలర్లకి చేరకపోతే తేడా యజమాని కట్టాలి. చాలా రాష్ట్రాలు అంతకన్నా ఎక్కువ ఇప్పిస్తాయి, కాలిఫోర్నియా లాంటిచోట టిప్పు పేరుతో కూలి తగ్గించడమే కుదరదు. డైనర్లో బిల్లు తక్కువ కాబట్టి శాతం కూడా చిన్నదే అవుతుంది. కాఫీ మాత్రమే తాగి గంట కూర్చుంటే శాతాలు మర్చిపోయి రెండు డాలర్లు పెట్టండి, ఆ బల్ల ఆమె కూలి. డబ్బు గుమ్మం పక్కన గల్లాపెట్టె దగ్గర కట్టి, టిప్పు బల్ల మీద నోట్లుగా వదలడం పాత పద్ధతి.

డైనర్ వాళ్ళకి రహస్య భాష ఉందంటారు?

ఉండేది. వెయిట్రెస్ వంటాయనకి అరిచి చెప్పే ఆర్డర్లు. టోస్టు మీద రెండు గుడ్లంటే "తెప్ప మీద ఆదాము, హవ్వ". అవే గిలకొట్టి కావాలంటే "తెప్పని ముంచెయ్" అన్నట్టు ఇంకో మాట తోక తగిలించేవాళ్ళు. అయిపోయిన వంటకానికి "ఎయిటీ సిక్స్". ఆ అంకె ఎందుకన్నదానికి తలా ఒక కథ చెప్తారు. ఇప్పుడు ఆర్డర్ కంప్యూటర్లో కొడితే వంటింట్లో చీటీ వస్తుంది. ఎయిటీ సిక్స్ మాత్రం బతికుంది, అన్ని రెస్టారెంట్ల వంటిళ్ళలోనూ వినిపిస్తుంది.

"అందరికీ తలుపులు తెరిచిన చోటు" అంటారు. నిజంగా అందరికీనా?

కాదు. 1950ల సంగీతం పెట్టి, పాత కోకాకోలా బొమ్మలు తగిలించి అమ్మే తీపి జ్ఞాపకంలో ఈ సంగతి ఉండదు. ఆ రోజుల్లో దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్ళు కౌంటర్ దగ్గర కూర్చోవడానికి వీల్లేదు. ఉత్తరాదిలో బోర్డు ఉండకపోవచ్చు, పట్టించుకోకుండా కూర్చోబెట్టడం ఉండేది.

1960 ఫిబ్రవరి 1న నార్త్ కరొలైనాలోని గ్రీన్స్‌బొరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణంలో కొన్ని వస్తువులు కొని, అక్కడి లంచ్ కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. "ఇవ్వం" అన్నారు. దుకాణం మూసేదాకా వాళ్ళు లేవలేదు. మర్నాడు ఇంకొందరు వచ్చారు, వారం తిరిగేసరికి వందలమంది. మిగతా ఊళ్ళకీ పాకింది. జులై 25న ఆ కౌంటర్ దగ్గర మొదటిసారి నల్లవాళ్ళకి వడ్డించారు. ఆ కౌంటర్‌లో ఒక భాగం, నాలుగు స్టూళ్ళు ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉన్నాయి. అది దుకాణంలోని కౌంటరే, డైనర్ కాదు, కానీ స్టూలు అదే, నియమం అదే.

డైనర్‌లోనే జరిగింది కావాలంటే 1961 చూడండి. న్యూయార్క్ నుంచి వాషింగ్టన్ వెళ్తూ మేరీలాండ్‌లో రూట్ 40 మీద ఆగిన చాద్ దేశపు రాయబారికి ఒక డైనర్‌లో కాఫీ నిరాకరించారు. కొత్తగా స్వతంత్రమైన ఆఫ్రికా దేశాల రాయబారులకి ఇలాంటివి వరసగా జరుగుతుంటే కెనడీ ప్రభుత్వానికి తలవంపులయ్యాయి. మనకీ తగిలిన దెబ్బే ఇది. 1955లో భారత రాయబారి జి.ఎల్. మెహతాని హ్యూస్టన్ విమానాశ్రయం రెస్టారెంట్‌లో తెల్లవాళ్ళ గదిలోంచి లేపారు. అమెరికా విదేశాంగ మంత్రి క్షమాపణ చెప్పాల్సివచ్చింది. దేశమంతటా హోటళ్ళలో ఈ వివక్షని నిషేధించింది 1964 పౌరహక్కుల చట్టం. ఆ చట్టం, వలసల తలుపు తెరిచిన 1965 చట్టం పక్కపక్క సంవత్సరాలవి. మనం ఇవాళ ఆ ఎర్ర సీట్లో కూర్చుని గుడ్లు ఎలా కావాలో తేల్చుకోలేకపోతున్నామంటే రెండూ కావాల్సివచ్చాయి.

ఎన్నికలప్పుడు నాయకులు డైనర్లలోనే ఎందుకు కనిపిస్తారు?

ఫొటోలో మామూలు మనిషిలా కనబడటానికి. మన నాయకులు రోడ్డుపక్క బజ్జీలు వేసినట్టు, టీ కలిపినట్టు. న్యూ హాంప్‌షైర్‌లోని మాంచెస్టర్‌లో 1922 నాటి రెడ్ యారో డైనర్ ఉంది, పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రైమరీ ఎన్నికలకి ముందు అధ్యక్ష పదవికి నిలబడేవాళ్ళు అక్కడ ఆగడం ఒక మొక్కుబడి. పాపం అక్కడ రోజూ తినేవాళ్ళకి ఆ నెలంతా కెమెరాలు.

వాఫుల్ హౌస్, డెన్నీస్, ఐహాప్ కూడా డైనర్లేనా?

చరిత్రకారులని అడిగితే కాదు, అవి గొలుసు కంపెనీలు. రాత్రి రెండింటికి ఆకలేసినవాణ్ణి అడిగితే అవును. నేను రెండోవాడి పక్షం, కనీసం వాఫుల్ హౌస్ విషయంలో. 1955లో జార్జియాలో మొదలైంది, ఎప్పుడూ మూయకపోవడమే దాని గొప్ప. అమెరికా విపత్తు సంస్థ ఫీమా అధిపతిగా ఉన్న క్రెయిగ్ ఫ్యూగేట్ తుఫాను నష్టాన్ని దీంతో కొలిచేవాడు. మెనూ మొత్తం పెడుతుంటే ఆకుపచ్చ, కొన్నే పెడుతుంటే పసుపు, వాఫుల్ హౌసే మూసేస్తే ఎరుపు, అంటే అక్కడ పరిస్థితి నిజంగా ఘోరం. అట్లాంటా చుట్టుపక్కల, కరొలైనాల్లో ఉండే తెలుగువాళ్ళకి డైనర్ అంటే ఇదే.

డైనర్లు మూతపడుతున్నాయట?

పడుతున్నాయి. స్థలం ధర డైనర్ సంపాదనకన్నా ఎన్నో రెట్లు పెరిగింది. యజమాని పిల్లలు చదువుకుని డాక్టర్లో లాయర్లో అయ్యారు, పొద్దున నాలుగింటికి లేచి పెనం వెలిగించరు. తండ్రి కూడా వాళ్ళు అలా కాకూడదనే కష్టపడ్డాడు మరి. 2025లో బర్డ్ ఫ్లూ వల్ల గుడ్ల ధర పెరిగితే వాఫుల్ హౌస్ లాంటి పెద్ద కంపెనీయే కొంతకాలం గుడ్డుకి 50 సెంట్లు అదనంగా వేసింది, ఇక ఒంటరి డైనర్ సంగతి చెప్పేదేముంది.

చక్రాల మీద వచ్చినది కాబట్టి కొన్ని అలాగే వెళ్ళిపోతాయి కూడా. మన్‌హాటన్‌లో ఉండే మూన్‌డాన్స్ డైనర్‌ని 2007లో ట్రక్కెక్కించి 2,000 మైళ్ళకి పైగా దూరంలో ఉన్న వయోమింగ్‌కి తీసుకెళ్ళారు. అక్కడి మంచు బరువుకి దాని పైకప్పు కూలింది. బాగుచేసి తెరిచారు, కొన్నేళ్ళకి అదీ మూతపడింది.

నాకు వీటన్నిటికన్నా బాధ కలిగించేది చిన్న మార్పు. 2020 కోవిడ్‌కి ముందు మా చుట్టుపక్కల "24 గంటలు" అని నియాన్ అక్షరాలుండేవి. మళ్ళీ తెరిచాక చాలావాటికి రాత్రి షిఫ్టుకి మనుషులు దొరకలేదు, తొమ్మిదికో పదికో తాళం వేస్తున్నారు. బోర్డు మీద అక్షరాలు తీయలేదు, దీపం మాత్రం వేయరు. రాత్రి ఎనిమిదికి హోటళ్ళు మూసే ఊళ్ళో పుట్టింది ఈ వ్యాపారం. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ దిగిన నర్సుకీ, ఇండియా టైముకి కాల్స్ మాట్లాడి ఒంటిగంటకి లేచిన మనవాడికీ ఇప్పుడు దొరికేది పెట్రోల్ బంకు శాండ్‌విచ్.

ఒక్కటే చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి?

మీరున్న చోటుకి దగ్గరదానికి. ఊళ్ళు తిరిగే ఓపిక ఉంటే: రోడ్ ఐలాండ్ పాటకెట్‌లో మోడర్న్ డైనర్, స్టర్లింగ్ స్ట్రీమ్‌లైనర్ రకం. జాతీయ చారిత్రక స్థలాల జాబితాకి ఎక్కిన మొదటి డైనర్ అదే, 1978లో. ప్రావిడెన్స్‌లో సిటీ హాల్ పక్కన సాయంత్రాలు నిలిచే హేవెన్ బ్రదర్స్ ఇప్పటికీ బండే, స్కాట్ బండికి ముని మనవడనుకోవచ్చు. వూస్టర్‌లో మిస్ వూస్టర్ డైనర్, తనని తయారుచేసిన ఫ్యాక్టరీకి ఎదురుగానే ఉంది. జెర్సీ సిటీలో వైట్ మనా, 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో పెట్టిన గుండ్రటి బుల్లి డైనర్. క్లిఫ్టన్‌లో టిక్ టాక్ డైనర్ మీద "ఈట్ హెవీ" అని ఇంత పెద్ద అక్షరాలు. డెట్రాయిట్ వైపు వెళ్తే హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో 1946 నాటి లామీస్ డైనర్ ఉంది, లోపల కూర్చుని తినొచ్చు కూడా.

శని, ఆదివారాలు పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఎక్కడా వెళ్ళకండి, గుమ్మం బయట క్యూ ఉంటుంది, కౌంటర్ దగ్గర తీరిక ఉండదు. మామూలు రోజు రాత్రి వెళ్ళండి. బూత్ వద్దు, స్టూలు మీద కూర్చోండి, పెనం కనిపిస్తుంది. నెట్‌లో చూపించే వేళలు చాలావాటికి పాతవి, కాబట్టి బయల్దేరే ముందు ఫోన్ చేయండి. "ఎప్పటిదాకా తెరిచి ఉంటుంది?" అనే కాదు, "పెనం ఎప్పటిదాకా వెలుగుతుంది?" అని కూడా అడగండి. ఆఖరి అరగంట కాఫీ, పై మాత్రమే ఇస్తారు.